కూడితే ఎనిమిది

మూడు లక్షల చీటీ, ఆరో నెలలోనే తోసి పాడాను.
చేతికొచ్చింది రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు.
అందులోనే బండి, తోలు సూటు, బూట్లు,
రెండు జతల టైర్లు, ట్రాకు రుసుము,
విరిగే ఎముకలేమైనా ఉంటే వాటి కట్టు.

అంబత్తూరులో నేను కోసే ఇనుము
వెంట్రుకలో పదోవంతు తప్పినా తిరిగొస్తుంది.
లెక్క నాకు కొత్త కాదు.
కోరికే కొత్త.

మొదట వానగరంలో ఆకుపచ్చది. ఆరువందల యాభై.
తాళం తిప్పితే
పంచాయితీలో పెద్దమనిషిలా గొంతు సవరించుకుంది.
"ఎవరికి? మీ ఆయనకా?" అన్నాడు అమ్మేవాడు.
నాకంటే ముందు ఢిల్లీబాబు నవ్వాడు.
ధర నాలుగున్నర లక్షలు.
వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేశాం.

రెండోది పెరంబూరులో, నారింజ రంగు, ఒంటి సిలిండరు.
నిలబడి ఉండగానే ఒళ్ళంతా వణుకుతోంది,
గొలుసు తెంపుకోబోయే వేటకుక్కలా.
నచ్చింది. శానా నచ్చింది.
ఢిల్లీబాబు గొంతుక్కూర్చుని
రేడియేటరు అడుగున వేలితో రాసి
ఆ వేలు నా ముఖం ముందు పెట్టాడు. తడి.
"కోపిష్టిది, అమ్మణ్ణీ. వేడెక్కితే మాట వినదు."

దారిలో పుదుప్పేట సందులో ఆపాడు.
గుట్టలుగా సైలెన్సర్లు, ఒలిచిన ట్యాంకులు,
ఎవరెవరి వేళ్ళకో అరిగిన క్లచ్ లీవర్లు.
"కొనే ధర అడగబాక," అన్నాడు,
"పడ్డాక లేపే ధర అడుగు."
అడిగాను.
ఆకుపచ్చదానికి లీవరు లేదు, తెప్పించాలట.
నారింజకి ఉంది, తొమ్మిది వందలు.
నీలం బండి లీవరు నాలుగు వందలు,
రెండు తీసుకుంటే ఏడు వందలు.
ఇంకా బండి లేకుండానే రెండు లీవర్లు కొన్నాను.

నీలంది అయనావరంలో దొరికింది,
రైల్వే క్వార్టర్సు మెట్ల కింద, పాత దుప్పటి కప్పుకుని.
మూడువందల ఇరవై ఒకటి, జంట సిలిండర్లు.
జయశీలన్ అనే ఆయన ధర చెప్పి, తనంతట తనే
పన్నెండు వేలు తగ్గించాడు.
ఎందుకన్నట్టు చూశాం.
ఆయన నంబరు ప్లేటు చూపించాడు.
ఆరు, మూడు, ఏడు, ఒకటి. పదిహేడు.
ఒకటీ ఏడూ ఎనిమిది.
"వచ్చిన ప్రతివాడూ కూడుకుని పోతున్నాడమ్మా."

ఎక్కి కూర్చున్నాను. మునివేళ్ళే ఆనాయి.
"కాళ్ళు అందడం లేదు."
"ట్రాకులో కాలు నేలకి ఆనిందంటే
పడిపోయినట్టే కదా," అన్నాడు ఢిల్లీబాబు.

శనిదేవుడిచ్చిన రాయితీతో
ముందు టైరు వచ్చింది.

ఆదివారం షెడ్డులో బండిని విప్పాం.
హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారను, స్టాండు.
అద్దాలు కూడా.
వెనకెవరు వస్తున్నారో నీకు పని లేదన్నాడు.
చివర్లో ప్లేటు విప్పి నా చేతిలో పెట్టాడు.
అంత భయపెట్టిన అంకెలు
అప్పడమంత రేకు మీద.
డబ్బాలో బోల్టుల పక్కన పడేశాను.
హెడ్‌లైటు తీసిన చోట నంబరు అతికించమంటే
ఇరవై ఆరు అతికించాను.
కూడుకునేవాళ్ళు కూడుకోండి.

ఇరుంగాట్టుకోట్టైలో మొదటి రోజు
అందరికంటే పంతొమ్మిది సెకన్లు వెనక.
మూడో మలుపులో జారాను, మెల్లగానే,
ఎవరో సంచి పడేసినట్టు.
మోచేతి దగ్గర తోలు గీరుకుంది.
ఒక లీవరు విరిగింది.
రెండోది నా సంచిలో ఉంది.

సాయంత్రం కుట్టి యానైలో బండి ఎక్కించాం.
లైట్లు లేవుగా, రోడ్డు మీద నడపకూడదు.
తాళ్ళతో కట్టించుకుని అది పైన,
డ్రైవరు పక్కన ఇరుక్కుని నేను కింద.
శ్రీపెరుంబుదూరు టోల్ దగ్గర
పక్క బస్సులోంచి ఒక పిల్లాడు
వేలితో గాలిలో రెండు రాసి, ఆరు రాసి,
నోటితో సర్రున శబ్దం చేశాడు.

సరిగ్గా అలాగే ఉంటుందా అని
నేను ఇంకా వింటున్నాను.