ఎడమ కాలు

ఆగస్టులో మైనం మాట వినదు.
ముహర్రక్‌లో ఎండ పూర్తిగా లేవకముందే
వేళ్ళ కింద ముక్కు వంగుతుంది, చెవి జారుతుంది.
అందుకే రాత్రి మనిషినయ్యాను.
రెండింటికి లేచి, షెడ్డు షట్టరు సగమే ఎత్తి,
ఐసుపెట్టెలో చేపల పక్కన దాచిన తలని
గుడ్డలోంచి బయటికి తీస్తాను.

ఆ తల ఎవరిదో నాకూ తెలీదు.
పని ఇచ్చిన జాసిమ్ ముసలాయన
తాత బొమ్మ కావాలన్నాడు,
ముత్యాల కోసం మునిగిన తాత.
ఫొటో లేదు. ఉన్నదల్లా
తాబేటి చిప్పతో చేసిన ముక్కు బిగింపు,
అగ్గిపెట్టెలో, దూది మీద.
దాన్ని జేబులో వేసుకుని వారం తిరిగాను.
కంచు కాగడా పెట్టి వెతికినా దొరకని ముఖాన్ని
కంచుతోనే చెయ్యాలి.

వెతకడమంటే నాకు బస్సెక్కడమే.
మనామా బస్సులో నిద్రపోయే మెడలు చూస్తాను.
పరంజా కట్టే సిల్హెట్ కుర్రాడి భుజం,
చేపల బజారులో మంచుగడ్డ ఎత్తే ముసలి మలయాళీ నడుం.
జేబులో మట్టిముద్ద ఎప్పుడూ ఉంటుంది,
టికెట్టు కోసం చెయ్యి పెడితే అదే ముందు తగులుతుంది.

కానీ ఊపిరి?
దాన్ని ఏ బస్సెక్కి చూడను?

హిద్ద్ రేవులో ఓడల అడుగున నాచు గీకే
సింహాచలం దొరికాడు. కళింగపట్నం వాడు.
"ఊపిరి బిగబట్టి నించో" అన్నాను.
"ఎంతసేపు గురూ?"
"పైకి రావాలనిపించేదాకా. ఆ పైన ఇంకొంచెం."
ఆ ఇంకొంచెంలోనే నాకు కావలసినదంతా ఉంది.
మెడనరం తాడులా లేచింది.
కళ్ళు దేన్నీ చూడటం మానేశాయి.
తాడు లాగమని పైవాణ్ణి అడుగుతున్నట్టు
కడుపు ఒక్కసారి ఎగిరింది.
అక్కడ ఆపాను మట్టిని.

మా నాన్న కంచరి. గుడిగంటలు పోసేవాడు,
మనిషి బొమ్మ జోలికి పోలేదు.
"ముందు ఖాళీని కట్టరా,
కంచు దాని దారి అది చూసుకుంటుంది" అనేవాడు.
తేనెమైనంలో గుగ్గిలం ఎంత, పుట్టమన్నులో ఊక ఎంత
కొలత చెప్పలేదు, ముక్కు దగ్గర పెట్టి చూపించాడు.
ఇక్కడ పుట్టలు లేవు. బస్తాల్లో పొడి వస్తుంది, జర్మనీ మార్కు.
అయినా వాసన చూడందే కలపను.

మైనపు మనిషికి మైనపు గొట్టాలు అతికిస్తాను,
లోహం దిగడానికి కొన్ని, గాలి తప్పుకోవడానికి కొన్ని.
ఆసుపత్రి మంచం మీది మనిషిలా ఉంటాడప్పుడు.
మట్టి కప్పి తలకిందులుగా బట్టీలో పెడితే
మైనం చుక్కలు చుక్కలుగా ఇల్లు ఖాళీ చేస్తుంది.
రెండు రోజులు కాలుస్తాను. ఈ గాలి సగం సముద్రమే.
అచ్చులో చెంచాడు చెమ్మ మిగిలినా
కంచు తిరగబడి ముఖం మీదికి లేస్తుంది.
నా కనుబొమ్మ సగం అలాగే పోయింది.

పోసిన రాత్రి ఎవరూ మాట్లాడలేదు.
మూసలో తిరిగే ఆ రంగుకి పేరేమిటో గాని
నాన్న "పండింది" అనేవాడు.
నేనూ అదే అరిచాను.
పటకారు పట్టుకున్న గుర్జంట్ పంజాబీవాడు,
ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా వంచాడు.

తర్వాత ఉలి, ఆకురాయి, నెలరోజుల దుమ్ము.
మందు పూసి, మంట చూపించి, గోధుమరంగు తెచ్చాను.
పచ్చదనం జోలికి పోలేదు,
అది సముద్రం పని, తీరిగ్గా చేసుకుంటుంది.

జాసిమ్ వచ్చాడు. చేతికర్రతో ఛాతీ మీద తట్టాడు.
చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.
కళ్ళు తుడుచుకుంటాడనుకున్నాను.
"రాయి కట్టేది ఎడమ కాలికి" అన్నాడు.
నేను కుడికాలికి కట్టాను.

కోసి, మార్చి, మళ్ళీ అతికాను.
అతుకు మీద ఆకురాయి కొంచెం తక్కువే ఆడింది,
వేలు పెడితే తెలుస్తుంది.

మొన్న శుక్రవారం సింహాచలం
టిఫిను డబ్బాతో వచ్చాడు.
చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు.
"చెవులు నావే గురూ.
మొహం ఎవుల్దో గాని" అన్నాడు.
బొమ్మ నీడలో కూచుని, చెప్పులు విప్పి,
మొదటి ముద్దకి ముందు
ఊపిరి ఒకటి గట్టిగా వదిలాడు.