పన్నెండు రూపాయల వాషరు

చంటి మూడు రోజులుగా దార్లోనే ఉన్నాడు.
ఎప్పుడు ఫోన్ చేసినా
"ఎన్.ఏ.డి. కాడున్నానమ్మా, వచ్చెస్తన్నాను" అంటాడు.
వెనకాల హారన్లు కూడా వినిపిస్తాయి,
పూర్తిగా అబద్ధం కాదు.

ఈలోగా మా మల్కాపురం మేడ మీద
ఫ్లష్ ట్యాంకు వెనకనుంచి, ఎవరూ నొక్కకుండానే,
నీరు దిగుతోంది
సూదిలోంచి జారిన తెల్లదారంలా.
తెల్లారుజామున నాలుగింటికి
కుళాయి వచ్చే ముప్పావుగంటలో
మోటారేసి పైకెక్కించిన నీళ్లవి.
నేను నిద్ర మానుకుని ఎక్కిస్తాను,
అవి తీరిగ్గా దిగిపోతాయి.

మా ఆయన షిప్‌యార్డులో వెల్డరు.
ఎంతెంత ఓడల కన్నాలో పూడ్చి వస్తాడు.
ఇది చూపిస్తే "ఆదివారం" అన్నాడు.
ఏ ఆదివారమో చెప్పలేదు.

కింద వాటాలో నూకరత్నంగారు
నిన్న మెట్ల దగ్గర ఆపి
"మీ నీళ్లు మా దేవుడి గూటి దాకా వచ్చేసినాయమ్మా" అంది,
గొంతు పెంచకుండా.
పెంచినా బాగుండును.
వెళ్లి చూశాను. స్లాబుకి
చందువా చేపంత మరక, అంచున డికాషన్ రంగు.
కింద స్టీలు గిన్నె, గిన్నెలో నాలుగు చుక్కలు.
అవి ఎక్కడివో
ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.
కాఫీ ఇచ్చింది. వద్దనలేకపోయాను.

పైకొచ్చి, చీర ఎగ్గట్టి,
పింగాణీ వెనక్కి బుర్ర దూర్చాను.
కుట్టుమిషను లైటు ఊడదీసి తెచ్చుకుని చూస్తే
ట్యాంకు అడుగున రెండు బోల్టులు.
ఒకటి బాగానే ఉంది.
రెండోదాన్ని సముద్రం తినేసింది.
ఈ ఊళ్లో సముద్రం ఒడ్డున ఆగదు.
కిటికీ ఊచ, సైకిలు చైను, జాకెట్టు హుక్కు,
దేన్నీ వదలదు.
ఆఖరికి ఇక్కడికీ వచ్చింది.

మిషను నూనె పోసి గంట ఆగాను. కదల్లేదు.
మళ్లీ పోశాను. వంటింటి పట్టకారు జారి
మోచెయ్యి గీసుకుపోయింది.
చివరికి పిడి లేని హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి
కోశాను, కోశాను,
తుప్పు ఎర్రగా వేళ్లమీద రాలుతుంటే
గుమ్మంలోంచి అత్త:
"ఆ చేత్తోనేనా రేపు పెళ్లికూతురి జాకెట్టు కుడతావు?"
"నాకున్నవి ఈ చేతులేనత్తా" అన్నాను.
కాసేపు నిలబడింది.
లోపలికెళ్లి టార్చి తెచ్చి పట్టుకుంది,
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే.

హార్డువేరు కొట్లో సన్యాసినాయుడు
తుప్పు ముక్కని అరచేతిలో తిప్పి చూసి
ఇత్తడి బోల్టు ఇచ్చాడు. రబ్బరు వాషరు పన్నెండు రూపాయలు.
"బిగించడం అందరికీ వచ్చమ్మా, ఆపడమే రాదు.
అర తిప్పు ఎక్కువైతే పింగాణీ పగిలిపోద్ది."
నవ్వొచ్చింది.
పద్దెనిమిదేళ్లుగా ఆ అర తిప్పు మీదే నా బతుకు.
దారం ఒక్క గీత బిగిస్తే పట్టు ముడత పడుతుంది,
వదిలితే కుట్టు నోరు తెరుస్తుంది.

ముందు వేళ్లతో, తర్వాత స్పానరుతో
అటు కొంచెం, ఇటు కొంచెం.
రబ్బరు నలిగి ఊపిరి బిగబట్టిన చోట
ఆపేశాను.
కింద పాత పేపరు పరిచి పడుకున్నాను.

నాలుగింటికి కుళాయి. మోటారు కన్నా ముందు పేపరు.
పొడిగా ఉంది. తడిమి చూశాను. పొడే.
సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగి,
మూడోసారి అత్త కోసం,
మిషను ముందు కూర్చున్నాను.
మెడ దగ్గర పైపింగు నున్నగా వచ్చింది.

పదింటికి ఫోను మోగింది.
"కిందే ఉన్నానమ్మా, ఏ అంతస్తు?"
వాడికీ కాఫీ ఇవ్వాల్సి వచ్చింది.

ఇంక కారదని నూకరత్నంగారికి చెప్పాను.
తలెత్తి మరకని చూసింది. నన్ను చూసింది.
"మంచిదమ్మా" అంది.
"గిన్నె మాత్రం ఓ వారం ఉంచుతాను."