నాలుగు డిగ్రీల దాకా

దుకాణంలో కుర్రాడు రెండు పెట్టెలు ముందు పెట్టాడు.
ఎర్ర గీతది చవక, పచ్చ గీతది ప్రియం.
"మీ వంటింటికి ఎండ ఎటునుంచి, సెన్యోరా?"
ఓడరేవు వైపు నుంచి, మధ్యాహ్నమంతా.
"అయితే పచ్చదే. ఎర్రది పగలు గోడలో ఇంకిపోతుంది."

అమ్మేవాడి మాట సగమే నమ్మాలని
వాల్పరైసోలో ట్రాలీబస్సు నడిపిన ముప్పై ఒక్క ఏళ్లూ నేర్పాయి.
రెండూ వీధి గుమ్మంలోకి తెచ్చి వెలిగించమన్నాను.
పచ్చ గీత నిలబడింది.
ఎర్రదాన్ని కళ్లు చికిలించి వెతుక్కోవాల్సొచ్చింది.
సరే, ముప్పాతిక నమ్మాను.
ముక్కాలి స్టాండు మాత్రం కొనలేదు,
ఇంట్లో ఇస్త్రీ బల్ల ఉంది.

మాది కొండవాలున రేకు గోడల ఇల్లు.
ఎనభై అయిదులో భూమి ఊగినప్పుడు ఒక మూల కుంగింది,
రెండువేల పదిలో రెండో మూల దానికి తోడు వెళ్లింది.
నేల మీద నారింజ పెడితే
ఎవరో పిలిచినట్టు ఓడల వైపు దొర్లిపోతుంది.

పరికరాన్ని బల్ల మీద పెట్టి మీట నొక్కాను.
గీత నిలవలేదు, నలుసు పడ్డ కన్నులా కొట్టుకుంది.
కాగితం తీసి చదివాను:
నాలుగు డిగ్రీల వాలు దాకా తనే సర్దుకుంటుందట,
అది దాటితే నావల్ల కాదని మిణుకుతుందట.
ఆ గుణం నచ్చింది నాకు.
నావల్ల కాదన్న మాట
యాభై దాటాక గాని నా నోట రాలేదు.

బల్ల కాలి కింద పాత టికెట్ల కట్ట దోపాను.
ఒకటి, రెండు,
మూడో కట్టకి మిణుకు ఆగింది.
కిటికీ చెక్క మీదుగా, కాలెండరు మీదుగా,
మా అక్క ఎదెల్మీరా పెళ్లి ఫోటోలో
పెళ్లికొడుకు మెడ మీదుగా
ఒకే ఊపున పారింది పచ్చ గీత.
పిల్లిని స్నానాలగదిలో పెట్టి గడియ వేశాను,
ఆ వెలుగు సూటిగా కంట పడకూడదు, దానిదైనా నాదైనా.

పక్కింటి దోన్ బాల్తసార్ వచ్చాడు,
భుజాన చుట్టచుట్టిన తేట ప్లాస్టిక్ గొట్టం,
అందులో తేనీటి రంగు నీళ్లు.
"కొత్తది గదా అని వదిలెయ్యకు, సరిచూడు."
ఈ గోడకొక కొస, ఆ గోడకొక కొస పట్టుకున్నాం.
నీళ్లు కాసేపు ఊగిసలాడి
పచ్చ గీత పక్కనే కూర్చున్నాయి.
వెంట్రుకవాసి తేడా.
ఎవరిది తప్పు, అన్నాను.
"నీ కళ్లద్దాలది," అన్నాడు.

అలమరాలు గీతకి ఆనించి బిగించాం, నాలుగూ.
వెనక్కి జరిగి చూస్తే గుండె గుభేలుమంది.
మట్టంగా ఉన్నవే జారిపడుతున్నట్టున్నాయి.
పైకప్పు అటు మూడు వేళ్లు దిగింది,
కిటికీ ఇటు ఒరిగింది,
మధ్యలో నా కొత్త అలమరాలు
తాగుబోతుల విందులో తాగనివాడిలా
ఎటు చూడాలో తెలియక నిలబడ్డాయి.

"ఊడదీద్దామా?" అన్నాడాయన.

చాలాసేపు మాట్లాడలేదు నేను.
బండి కర్ర తీగ నుంచి జారిన రోజుల్లో
లోపల జనం విసుక్కుంటూ ఉంటే
దిగి, వెనక్కి నడిచి,
వానలో తాడు లాగి మళ్లీ తగిలించేదాన్ని.
రోడ్డుకి ఎన్ని గుంటలైనా పడనీ,
బండికి ప్రాణం పైనుంచే.

వద్దు, అన్నాను. పై అంచున మాత్రం
కప్పు వాలుని బట్టి కోసిన పలక పెడదాం.
వచ్చి చూసేవాళ్లకి కళ్లు తిరక్కూడదు గదా.

ఆయన వెళ్లాక
అన్నిటికన్నా కింది అరలో నారింజ పెట్టాను.
కదల్లేదు.
వేలితో తోశాను. కొంచెం వెళ్లి,
ఏం చెయ్యాలో తోచనట్టు ఆగిపోయింది.

చీకటి పడినా మీట ఆపలేదు.
పచ్చ గీత కింద టీ తాగుతూ కూర్చున్నాను
చాలాసేపు, ఏమీ అనుకోకుండా,
స్నానాలగదిలో పిల్లి
తలుపు గీరుతున్న చప్పుడు వినపడేదాకా.