ఏడో క్లెయిము

కొండమల్లేపల్లి చౌరస్తాలో
జిరాక్స్ మిషన్ పక్కన నా కీబోర్డు.
పింఛన్లు, పాసుబుక్కు తప్పులు,
పేరులో ఒక అక్షరం జారిపోయినవాళ్లు
పొద్దున్నుంచీ లైను.
ఆ లైనులోనే నిలబడ్డాడు పబ్బోజు సోమాచారి,
చంకలో గోనెసంచి,
సంచిలో మూరెడు ఇనుము.

"తుపాకి కాదు బిడ్డా, బుగులు పడకు.
గుండు లేదు దీనికి. ఉత్త గొంతే."

మక్కచేన్ల మీద పడే అడవిపందుల కోసం
ఇరవై నిమిషాలకొకసారి
గ్యాసు మింగి, నిప్పు కొరికి
ధామ్మని దగ్గే గొట్టం.
దానికి పేటెంటు కావాలట.
ఇంగ్లీషు చేసే వకీలు హైదరాబాదులో ఉన్నాడట,
ముందు తెలుగులో శుభ్రంగా కొట్టించుకు రమ్మన్నాడట.

పదకొండేళ్ల టైపింగులో
"కోల్పోయితిని", "మంజూరు చేయగలరు" తప్ప
"కనిపెట్టితిని" అన్న మాట
నా వేళ్లకు ఎన్నడూ తగల్లేదు.
రెండుసార్లు తప్పు పడింది.

అతను కొలిమి భాషలో చెప్తాడు,
నేను కచేరీ భాషలోకి మారుస్తాను.
'నాలుక'ను 'కవాటం' చేశాను.
'సుత్తెపిల్ల'కు మాట దొరకక
కాసేపు ఫ్యాను వైపు చూశాను.
"ఉండనీ" అన్నాడు. ఉంచాను.

తర్వాత ఒక గడి వచ్చింది:
ఇటువంటిది మునుపు ఉన్నదా,
ఉన్నచో ఎవరు బహిర్గతపరిచిరి?

సోమాచారి చాయ్ కింద పెట్టాడు.
"మా తాత చేసిండు. రజాకార్ల కాలంల.
పగటీలి కర్రు సాగగొట్టిన దాకలి మీదనే
రాత్రి గొట్టం, గుర్రం, మీట.
బయట పెట్టలే బిడ్డా,
జొన్న పాతర్ల పెట్టిండు.
ఎవడు చేసిండని అడిగితే ఊరంత ఒక్కటే మాట:
వానకు మొలిచినయ్ దొరా."

వాటి మీద సంతకం లేదు.
సంతకం దొరికితే ఉరి.
ఒకటి మాత్రం తాత చేతిలోనే పేలి
చిటికెన వేలును, దాని పక్కదాన్ని
తనవిగా రాసుకుంది.
మిగిలిన మూడింటితోనే
మనవడికి ఆకురాయి పట్టడం నేర్పాడట.

"గడిలో ఏం రాయమంటవు?"
చాలాసేపటికి, "లేదు అని రాయి."
లేదు అని కొట్టాను.
అది అబద్ధమో,
కాగితానికి తెలిసినంత నిజమో.

చివరిది ఏడో క్లెయిము.
గొట్టం మూతి ముందుకు ఏదన్నా వస్తే,
గొడ్డు గానీ, పోరగాడు గానీ,
సుత్తెపిల్ల పడదు.
ఒక కొక్కెం లేచి పట్టుకుంటుంది.
మొన్న చింతపల్లి దిక్కు ఎవరో
ప్లాస్టిక్ పైపుతో నకలు చేశారు.
ఏడేళ్ల పిల్లాడు లోపలికి తొంగి చూశాడు.
ఒక కన్ను.

"పేల్చుడేముంది, ఎవడన్న పేలుస్తడు.
ఆపుడే పని.
ఇస్తే దానికియ్యమను కాగితం."

ఆరు క్లెయిములూ కలిసి ఒక పేజీ.
ఏడోది ఒక్కటే రెండు పేజీలైంది.
డబ్బులు వద్దంటే వినక
నా కుర్చీ విరిగిన కాలుకు
అతుకు వేసి పోయాడు.

కాగితం ఇంకా రాలేదు.
వకీలు నుంచి ఒక ఫోను మాత్రం వచ్చింది:
"సుత్తెపిల్ల అంటే ఏందమ్మా?"

ఇప్పుడు రాత్రులు మా ఇంటి వెనక చేన్లలో
ఆ దగ్గు వినపడుతుంది.
ఇరవై నిమిషాలు. ధామ్.
ఇరవై నిమిషాలు. ధామ్.
దాని మీదే నిద్ర పట్టడం అలవాటైంది.

నిన్న, రెండూ నలభైకి రావాల్సింది
రాలేదు.
లేచి కూర్చున్నాను.
మక్కాకుల గరగర తప్ప ఏమీ లేదు.
అక్కడ చీకట్లో, గొట్టం మూతి ముందు
ఎవరో నిలబడి ఉన్నారు:
కట్టు తెంపుకున్న దూడో,
దారి తప్పిన తాగుబోతో,
తడక దూకిన ఎవరి పిల్లాడో.

రాని చప్పుడును చాలాసేపు విన్నాను.
నేను టైపు చేసిన కొక్కెం
లేచి నిలబడి ఉంది.