చేయి ఆపే చోటు

పెంచలప్రసాదు కోవూరు నుంచి లారీ మీద తెచ్చి దించాడు
పాత ఫియట్ కారు, అరవై ఎనిమిది మోడలు.
శుక్రవారానికల్లా మెరవాలట.
పెళ్లికి ముందు ఫోటోలు తీస్తారే, వాటికి అద్దెకిస్తాడట.
"బంపర్లో పెళ్లికూతురు మొహం కనపడాల జిలానీ భాయ్."
సరే అన్నాను. మనకేం,
అద్దాలు చేయడం మా ఇంట్లో పాత పనే.

మా అబ్బా కలాయి పోసేవాడు.
స్టోన్‌హౌస్‌పేట సందుల్లో సైకిలు నడిపించుకుంటూ
చివర సాగదీసి ఒక కేక పెడితే
రాగి డేగిసాలూ ఇత్తడి గుండిగలూ గడప దాటి వచ్చేవి.
తిత్తి నేను ఊదేవాణ్ణి.
నవాసారం పొగకి ఒకటే తుమ్ములు.
తగరం ముక్క వేడికి చెమ్మగిల్లి,
దూదితో ఒక్క తిప్పు,
గిన్నె అడుగున తెల్లారేది.
తర్వాత స్టీలు వచ్చింది. తిత్తి అటకెక్కింది.

ఇప్పుడు ఆత్మకూరు బస్టాండు వెనక రేకుల షెడ్డు,
నేనూ, హజరత్తూ.
ఈ కారుని ఎవరో చాన్నాళ్లు మైపాడు వైపు
రొయ్యల గుంటల పక్కన ఉంచుకున్నట్టున్నారు.
ఉప్పుగాలి బంపరంతా సూదులు గుచ్చి పోయింది.

ముందు సబ్బునీళ్లు. తర్వాత
బిర్యానీ పొట్లం వెండికాగితం ఉండచుట్టి
నీళ్లలో ముంచి రుద్దాను.
నవ్వుతారు గాని, తుప్పుకి అంతకంటే మెత్తని శత్రువు లేదు.
గోధుమరంగు బురద మోచేతి దాకా పాకింది.
చింతపండు తెస్తానన్నాడు హజరత్తు.
వద్దురా, అది ఇత్తడి బాస.
దీని బాస వేరు.

పక్క తలుపుల మీద సన్నటి స్టీలు పట్టీ.
దాన్ని పీకడం కంటే పన్ను పీకడం సులువు.
చెక్కపుల్ల దూర్చి, ఒక్కో క్లిప్పు దగ్గర ఊపిరి బిగబట్టి.
రెండు విరిగాయి.
మూడోది ఎగిరి మురిక్కాలవలో పడింది.

పట్టీ చేతికొచ్చింది.
దాని కింద, వేలెడు వెడల్పున,
లేత ఆకుపచ్చ.
తెలుపు వేయకముందు సంగతి.
ఇన్నేళ్లుగా ఎండ చూడని రంగు,
అదీ నెల్లూరు ఎండ!
చేతి గడియారం తీసిన చోట మణికట్టులా
సిగ్గుపడుతున్నట్టుంది.
"కారు తెల్లది కాదా మామా?"
హజరత్తు వేలితో తుడిచి చూశాడు, పోలేదు.
అంచున ఒక వడ్లగింజ ఇరుక్కోనుంది,
మొలగొలుకులో మరేదో, పొట్టు మాత్రమే మిగిలింది.

పట్టీలో సొట్ట.
సొట్టని వెనక నుంచి మాట్లాడించాలి,
ముందు నుంచి కొడితే మొండికేస్తుంది.
ఇసుక సంచి మీద బోర్లా పరిచి చిన్న సుత్తితో
టిక్కు టిక్కు టిక్కు,
అసరు నమాజు దాకా అదే.

బంపరు దగ్గరే తగాదా.
మిషను పెట్టి ఇంకో చుట్టు తిప్పితే సూదిమచ్చలు పోతాయి.
పోతాయి గాని, ఎడమ మూల
పసుపు తిరగడం మొదలైంది.
క్రోము కింద నికెలు. నికెలు కింద రాగి.
ఆ పసుపు చూడగానే మిషను ఆపేశాను.

పదేళ్లప్పుడు ఒకసారి ఆపలేదు.
హెడ్మాస్టరు గారి డేగిసా
మెరుపు చాల్లేదని తుడిచి తుడిచి
రాగి బయట పెట్టాను.
అబ్బా తిట్టలేదు. మళ్లీ బొగ్గులు రాజేశాడు.
"పోసేవాడికి చేయి ఆడాల,
తుడిచేవాడికి చేయి ఆగాల" అన్నాడు, అంతే.
ఆ రోజు కూలి తగరానికే సరిపోయింది.
రాత్రి ఇంట్లో గంజి.

శుక్రవారం పెంచలప్రసాదు వచ్చి
బంపర్లోకి వంగి క్రాపు సర్దుకున్నాడు.
"మూలన మచ్చలుండాయే భాయ్?"
"ఉంటాయి."
"మరి పెళ్లికూతురూ..."
"ఆ పిల్లకి ఇంకో పుట్టుమచ్చ అనుకో."
నవ్వాడు. నవ్వుతూనే మూడొందలు తగ్గించాడు.

ఆకుపచ్చ సంగతి చెప్పలేదు.
అడిగితే చెప్పేవాణ్ణే.
పట్టీ దాని మీదే బిగించేశాను,
క్లిప్పులు లేని చోట సైకిలు చువ్వ వంచి.
వడ్లగింజ హజరత్తు జేబులో వేసుకున్నాడు,
ఎందుకో అడగలేదు.

కారు పెన్న వంతెన వైపు మలుపు తిరిగేటప్పుడు
బంపరు మీది ఎండ
ఒక్కసారి సూటిగా నా కళ్లలో పడింది.
నవాసారం ఎక్కడా లేదు,
అయినా తుమ్మొచ్చింది.