బొరుసు

మొదటిది ఇనుము.
లీప్‌జిగ్ల బయల్దేరి నెలన్నర తిరిగి
హన్మకొండ హెడ్డాఫీసుల వచ్చి పడ్డది.
పార్శిల్ కౌంటర్ పిల్లగాడు చెవి కాడ ఊపి చూసిండు.
"బంగారమా మేడం?"
"ఇనుప బిళ్ళ."
"చెల్లుతదా?"
"ఎన్నడూ చెల్లలే. చెల్లనీకి చేసింది కాదు."
సుంకం కాయితం మీద వాడు
'గుండీ, ఒకటి' అని రాసుకున్నడు.

ముప్పై నాలుగేండ్లు
చౌరస్తా బ్రాంచిల నోట్లు లెక్కబెట్టిన వేళ్ళు నావి.
చెల్లేటివి ముట్టి ముట్టి విసిగిందో ఏమో,
రిటైరైనంక చెల్లని వాటి మీద మనసు పడ్డది.

ఇప్పుడు ఇరవై మూడు.
బిస్కెట్ డబ్బాల, బియ్యపు గింజల మీద పండుకుంటయి.
ముసురు పట్టిందంటే ఇనుముకు చెమట.
వాసిలిన్ రాసి, నూలుచీర పేలికల చుడుత.
ఒకదాని మీద రాజు లేని కుర్చీ.
ఒకదాని మీద పద్దెనిమిది వందల నలభై ఎనిమిది,
గుండ్రటి సభ, గోరంత మనుషులు,
అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నరు.
ఇంకోదాని మీద గోడ, గోడకు సందు,
సందుల నుంచి ఒక్క చెయ్యి.
ఇత్తడిది: పంతొమ్మిది వందల ఇరవై మూడు, నవంబర్.
రొట్టె ముక్క, పక్కన ధర.
సున్నాలు ఉరికి ఉరికి అంచు దాక పోయి
జాగ చాలక ఆగినయి.

నాకు జర్మన్ రాదు. సున్నా వస్తది.
మాకూ ఒక నవంబర్ ఉన్నది.
ఎనుమాములల మిర్చి అమ్మిన కొమురెల్లి
తువ్వాల ముడి ఇప్పి కట్టలు నా దిక్కు తోసి
"నిన్నటి దాక ఇవి పైసలే గద బిడ్డా" అన్నడు.
మిషన్ల పెట్టిన.
మిషన్‌కేం తెలుసు, లెక్కబెట్టింది.

అంతకు ముందు మా నాయనమ్మ.
హాలీ సిక్కా రూపాయలు ఉప్పుకుండల దాచి
మార్చుకునే గడువు దాటినంక తీసింది.
రాజ్యం మారిన సంగతి మా ఇంటికి
ఉప్పు తిన్న వెండి చెప్పింది.

ఒకనాడు రొట్టె బిళ్ళ పట్టుకొని పెంబర్తి పోయిన.
శ్రీగిరోజు సోమలింగం అద్దాలు పెట్టుకోలే,
బొటనవేలుతోని చూసిండు.
"మాది కొట్టుడు పని. ఇది పోసుడు.
చేసినోడు మంచి కోపం మీద ఉన్నడు.
ఈడ, రొట్టె అంచుకు, కత్తి జారింది.
సరిజెయ్యలే. ఉండనిచ్చిండు."

మనకూ ఒకటి చెయ్యమన్న.
రాష్ట్రం వచ్చిన పొద్దుదో,
పండుకొని లేచేసరికి ఊరు రెండు జిల్లాలైందే, దానిదో,
మా బ్యాంకు పేరు బోర్డు నిచ్చెనేసి దించిన దినానిదో.
"చేస్త గని" అని సుత్తె పక్కన పెట్టిండు.
"బొమ్మ సరే.
బొరుసు మీద ఏం పెట్టమంటవ్?"

జనగామల బస్సెక్కినంక అనుకున్న: ఉప్పుకుండ.
ఘన్‌పూర్ కాడ: తువ్వాల, ముడి ఇప్పింది.
మడికొండ వచ్చేసరికి రెండూ కాదనిపించింది.
ఆడోళ్ళకు టికెట్ లేని రోజులు అప్పటికింక రాలే.
చిల్లర లేదని కండక్టర్
టికెట్ ఎనుక ఎనిమిది అని రాసి
కింద గీత కొట్టిచ్చిండు.
కాజీపేట బ్రిడ్జి మీద గంటసేపు ఆగినం.
దిగేటప్పుడు అడుగుడు మర్చిపోయిన.

సోమలింగం మళ్ళ ఫోన్ చేసిండు రెండుసార్లు.
ఆలోచిస్తున్న అన్న.
టికెట్ డబ్బాలనే ఉన్నది,
రొట్టె బిళ్ళ పక్కన,
బోర్లా.