గంట పోయిన మంగళవారం

తాళం జోలికి పోలేదు.
కిటికీ ఊచలు రెండు వంచారు, అంతే.
లంబాసాలో చెరకు బళ్లు పట్టాల మీదే నిద్రపోయే వేళ
ఎవరో లోపలికొచ్చి హుండీ ఎత్తుకుపోయారు,
ఇత్తడి గంట ఎత్తుకుపోయారు,
పోతూ పోతూ హనుమంతుడి ఎడమచెయ్యి విరిచిపోయారు.
హుండీలో పందొమ్మిది డాలర్లు, ఒక చొక్కా గుండీ.
మండలి కోశాధికారిని, నాకు తెలియదా!

పొద్దున పోలీసు వచ్చి పుస్తకం తెరిచాడు.
"ఏం పోయింది?"
గంట.
"విలువ?"
మా మామగారు మిల్లు బోనసుతో కొన్నది.
నేను కాపురానికొచ్చిన కొత్తలో
మునివేళ్ల మీద లేచినా అందకపోతే
ఆయనే ఓ తాడు కట్టారు.
తాడు కూడా పోయింది, రాసుకో నాయనా, అన్నాను.
నవ్వుతాడనుకున్నాను. రాసుకున్నాడు.

సాయంత్రం నంగోనా గిన్నె చుట్టూ
చాపల మీద కూర్చున్నాం.
కెమెరా పెడదాం అన్నాడు బిసేసర్.
ముళ్లతీగ, అన్నాడు హర్‌దేవ్.
రామాయణం మధ్యాహ్నమే చదివేసుకుని
చీకటి పడకముందే ఇళ్లకు పోదామంది సుఖ్‌రాజీ.
ఇనుప జాలీకి నేనూ చెయ్యెత్తాను,
అబద్ధమెందుకు.

అప్పుడే ఎవరో అన్నారు:
"వాళ్ల పనే."
వాళ్లు.
ఆ మాట గిన్నెలో ఈగలా పడింది.
చాప కొసన ఇలిసోనీ కూర్చునున్నాడు,
తన వంతు చిప్ప కోసం.
ఒక చప్పట్టు కొట్టాడు, తాగాడు,
మళ్లీ మూడు కొట్టాడు, వాళ్ల మర్యాద ప్రకారం.
అంతకుమించి చప్పుడు లేదు.
ఆ వారం మా గుడిలో మోగినవి
ఆ మూడే.

మంగళవారానికి భుజాన మోసుకొచ్చాడు
జానెడున్నర రైలుపట్టా ముక్క.
ముప్పై ఏళ్లు మిల్లు లైను మీద పనిచేసిన మనిషి.
మామిడికొమ్మకు గొలుసుతో వేలాడదీస్తూ
"అడిగే తెచ్చానక్కా" అన్నాడు,
నేనింకా ఏమీ అడగకముందే.
నా మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

బోల్టు పెట్టి కొడితే
ఠంగుమంది, బండగా, బడి గంటలా.
పక్క వీధి పిల్లలు
ఇంటర్వెల్ అనుకుని పరుగెత్తుకొచ్చారు.
వచ్చినవాళ్లను పొమ్మంటామా?
ప్రసాదం పెట్టాం.
రోనిత్ అడిగాడు,
హనుమంతుడి సిమెంటు చెయ్యి చూపించి,
"ఆజీ, ఆస్పత్రికి తీసుకెళ్లారా?"
ఆ రోజు చౌపాయి ఎత్తుకున్న ఢోలకు
నవ్వాపుకోలేక తాళం తప్పింది.

ఊచలు షఫీక్ వెల్డింగ్ చేశాడు.
పది డాలర్లు తగ్గించాడు, రసీదు ఇచ్చాడు.
దీపావళికి స్టేషనుకు ఉత్తరం రాశాను:
ప్రమిదలు మూడు వందలు, టపాసులు పదింటిలోపు,
దయచేసి ఇద్దరు కానిస్టేబుళ్లు.
మొక్కుకోవడానికి అర్జీ పెట్టుకోవడం
మామగారు చూస్తే ఏమనేవారో!
వచ్చిన ఇద్దరిలో చిన్నవాడు
బూట్లు విప్పి గడప బయటే నిలబడి
మిఠాయి మూడుసార్లు అడిగి తిన్నాడు.
పెద్దవాడు రాత్రంతా గేటు వైపే చూశాడు.
ఇద్దరికీ దణ్ణం పెట్టుకున్నాను, మనసులో.

సువా నుంచి కొత్త గంట వచ్చింది.
నున్నగా, తియ్యగా మోగుతుంది.
పిల్లలు మాత్రం
పట్టానే కొడతారు.

తాళంచెవి నా దగ్గరే, కొంగు ముడిలో.
అర్ధరాత్రి గాలి లేస్తే
పట్టా గొలుసుకు కొట్టుకుని సన్నగా మూలుగుతుంది.
గాలేనా అని లేస్తాను.
ఎర్ర జెండాల వెదుర్ల దాకా
ఒక టార్చి వెలుగు నడిచి తిరిగొస్తుంది.
ఇలిసోనీయే.
జీతం లేదు, ఎవరూ అడగలేదు కూడా.
ఇలిసోనీయేనా అని
ఇంకోసారి చూసి గాని
పడుకోను.